ఎనిమిది బదులు ఆరు

మా ఆఫీసు గోడకి రెండు క్యాలెండర్లు వేలాడుతుంటాయి. ఒకటి మామూలు తెలుగు క్యాలెండరు. రెండోది నేపాల్ సరిహద్దు ఊరు బీర్‌గంజ్ నుంచి ఏటా వచ్చే నేపాలీ క్యాలెండరు. 2025 సెప్టెంబర్‌లో అందులో నడుస్తున్న ఏడాది 2082. అప్పుడు వాళ్లకి వారం సెలవు శనివారం కాబట్టి శనివారాలు ఎర్రగా, ఆదివారాలు నల్లగా ఉండేవి. విశాఖపట్నం పోర్టు ఏరియాలో కూర్చుని నేపాల్ శనివారాలతో మనకేం పని అని కొత్తగా చేరిన పిల్లలు నవ్వుతారు. ఆ ఎర్ర గళ్ల వల్ల ఆ సెప్టెంబర్‌లో నాకు నాలుగు రాత్రులు నిద్ర లేదు.

నేను ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర, అంటే రేవులో సరుకుకి కస్టమ్స్ పని చేసిపెట్టే కంపెనీలో, డాక్యుమెంటేషన్ చూస్తాను. అందులో నేపాల్ సరుకు నా వాటా. సముద్రం లేని దేశం కదా, మూడో దేశం నుంచి ఓడలో ఏం తెప్పించుకున్నా దాదాపు అంతా మన రేవుల్లోనే దిగుతుంది. చాలా ఏళ్లు కోల్‌కతా, హల్దియాలే వాళ్ల రేవులు. 2016 ఫిబ్రవరిలో అప్పటి నేపాల్ ప్రధాని ఓలీ ఢిల్లీ వచ్చినప్పుడు విశాఖ నుంచి రైల్లో సరుకు వెళ్లడానికి ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది నుంచి కంటైనర్లు కదిలాయి. దూరం చూస్తే కోల్‌కతా నుంచి బీర్‌గంజ్ దాదాపు 700 కిలోమీటర్లు, మన దగ్గర్నుంచి దాదాపు 1,400. రెట్టింపు దూరమైనా ఇటు ఎందుకొస్తారంటే, కోల్‌కతాది నది రేవు. లోతు తక్కువ. పెద్ద ఓడ పోలేదు కాబట్టి కొలంబోలోనో సింగపూర్‌లోనో సరుకు దించి చిన్న ఓడలోకి మార్చాలి. మనకా బాధ లేదు. డాల్ఫిన్స్ నోస్ పక్కన ఔటర్ హార్బర్‌లో పెద్ద ఓడ నేరుగా వచ్చి ఆగుతుంది. మిగతాది రైలు చూసుకుంటుంది.

ఈసారి మా చేతిలో ఉన్నవి నాలుగు కంటైనర్లు. చైనా నుంచి వచ్చిన బట్టలు, బూట్లు. మామూలుగా అయితే ఆ వ్యాపారి ఇలాంటి సరుకులో సగం ఉత్తరాన టిబెట్ దారిలో లారీల మీద తెప్పించుకునేవాడు. జూలై 8న వరదొచ్చి రసువాగఢీ దగ్గర నేపాల్‌కీ చైనాకీ మధ్య ఉన్న వంతెనే కొట్టుకుపోయింది. దాంతో మొత్తం సరుకు ఓడెక్కింది. వాళ్లకి దశైన్ పండగ మన దసరానే, కాకపోతే మనం సంక్రాంతికి చేసే హడావుడంతా వాళ్లు దానికి చేస్తారు. సెప్టెంబర్ 22న ఘటస్థాపన, అంటే పండగ మొదలు. ఆలోపు దుకాణంలోకి రాని చొక్కా, వచ్చే ఏడాది దాకా మడత విప్పని చొక్కా.

ఓడ సెప్టెంబర్ 1న వచ్చింది. రెండో తేదీకి డబ్బాలు యార్డులో దిగాయి. కాగితాల పని మొదలుపెట్టాను. ఈ పని గురించి కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ట్రాన్సిట్ సరుకు మీద మన దేశం సుంకం వసూలు చేయదు. అది మన నేల మీదుగా పోతుందే గానీ మనది కాదు. అందుకే కస్టమ్స్‌కి ఒకటే భయం. ఆ డబ్బా దారిలో ఎక్కడో తెరుచుకుని, సుంకం కట్టని బట్టలు మన సంతలో అమ్ముడైపోతే? అందుకని ఓడ కంపెనీ వేసిన సీలు నంబరు ప్రతి కాగితంలోనూ ఉండాలి. దానికి తోడు ఎలక్ట్రానిక్ తాళం. అది ఎక్కడుందో ఉపగ్రహం చెబుతూ ఉంటుంది, మధ్యలో ఎవరైనా ముట్టుకుంటే తెలిసిపోతుంది. సరిహద్దు అవతల అధికారి మొట్టమొదట చూసేది కంటైనర్ నంబరు, సీలు నంబరు. లోపల ఏముందన్నది ఆ తర్వాతి మాట.

అయిదో తేదీ పొద్దున బీర్‌గంజ్‌లో మా ఏజెంటుకి వాట్సాప్‌లో కాగితాలు పంపాను. ఒక్క టిక్కు. మధ్యాహ్నానికీ ఒక్క టిక్కే. ఆయన్ని మేమంతా భైయా అంటాం. ఇంట్లో భోజ్‌పురి, మాతో హిందీ, కస్టమ్స్‌లో నేపాలీ మాట్లాడతాడు. నన్ను దీదీ అంటాడు గానీ నాకంటే పదేళ్లు పెద్ద. ఫోన్ చేస్తే విషయం చెప్పాడు. ముందురోజు అక్కడి ప్రభుత్వం 26 సోషల్ మీడియా యాప్‌లని ఆపేయమని ఉత్తర్వు ఇచ్చింది. తమ దగ్గర రిజిస్టర్ చేసుకోలేదని కారణం. ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్ అన్నీ అందులోవే. వైబర్ మాత్రం రిజిస్టర్ అయిందట. నేను వైబర్ వేసుకునేలోపే ఆయన ఇంకో దారి చెప్పాడు. మేడ మీదకెక్కితే సరిహద్దుకి మన వైపున్న రక్సౌల్ టవర్ అందుతుంది. ఆయన దగ్గర ఇండియా సిమ్ ఉంది. అంచులో ఉండే ఊళ్లలో చాలామంది అలా రెండు సిమ్‌లు పెట్టుకుంటారు. కాబట్టి ఆ వారమంతా ఆయన రోజుకి మూడుసార్లు మేడెక్కడం, మా కాగితాలు దింపుకోవడం.

ఆ రోజుల్లో ఇక్కడ వినాయక నిమజ్జనాలు జరుగుతున్నాయి. ఊరేగింపుల్లో పడి ఆఫీసు నుంచి ఇంటికెళ్లడానికి రెండు గంటలు పట్టేది. ఏడో తేదీ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. మా సార్‌కి ఇలాంటివి పట్టింపు. గ్రహణం విడిచాక, స్నానం చేశాక గానీ ఏ కాగితం మీదా సంతకం పెట్టనన్నారు. పెట్టిన సంతకం ఎనిమిదో తేదీ సోమవారం పొద్దున పెట్టారు. ఆ సోమవారమే కాఠ్మండులో కుర్రాళ్లు, స్కూలు యూనిఫాంలో ఉన్న పిల్లలతో సహా, రోడ్డెక్కారు. పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఒక్క రోజే 19 మంది చనిపోయారు. రాత్రికి నిషేధం ఎత్తేశారు గానీ అప్పటికే అది వాట్సాప్ గొడవగా మిగల్లేదు. మంగళవారం, మళ్లీ ప్రధానిగా ఉన్న ఓలీ రాజీనామా చేశారు. పార్లమెంటు, సుప్రీంకోర్టు, సచివాలయం లాంటి సింహ దర్బార్ తగలబడటం మేం ఆఫీసు టీవీలో చూశాం. విమానాశ్రయం మూసేశారు. రాత్రి సైన్యం దిగింది.

మా నాలుగు డబ్బాలు బుధవారం రేక్‌లో, అంటే గూడ్సు రైల్లో, ఎక్కాలి.

"వాటిని ఆపెయ్యమ్మా" అన్నారు సార్. "అక్కడ గవర్నమెంటే లేదు. రేపు కాగితం మీద సంతకం పెట్టేవాడెవడు?"

ఆయన భయం ఊరికే కాదు. మేమిద్దరం 2015 చూసినవాళ్లం. అప్పుడు నేను మా కోల్‌కతా బ్రాంచిలో ఉండేదాన్ని. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. ఏప్రిల్ 25న భూకంపం వచ్చి నేపాల్‌లో దాదాపు 9,000 మంది చనిపోయిన ఏడాది అది. సెప్టెంబర్ 20న వాళ్లు కొత్త రాజ్యాంగం ప్రకటించుకున్నారు. దాంట్లో తమకి న్యాయం జరగలేదని తరాయి మైదానంలో ఉండే మధేసీలు అప్పటికే చేస్తున్న ఆందోళన పెంచారు. మూడు నాలుగు రోజుల్లో సరుకు లారీలు ఆగిపోయాయి. నవంబర్‌లో మా లారీలు ఎక్కడున్నాయో కళ్లతో చూసి రమ్మని కంపెనీ సార్‌నీ నన్నూ పంపింది. హౌరాలో మిథిలా ఎక్స్‌ప్రెస్ ఎక్కి మర్నాడు రక్సౌల్‌లో దిగాం.

ఊరి బయట నుంచే లారీలు. ఒకదాని వెనక ఒకటి, ఎక్కడా కదలిక లేదు. డ్రైవర్లు లారీల కింద పొయ్యి పెట్టుకుని లిట్టీలు కాల్చుకుంటున్నారు. ఒకాయన లారీ అద్దం మీద దుమ్ములో రోజుకో గీత గీస్తున్నాడు. మేం వెళ్లేసరికి యాభై దాటాయి. నడుచుకుంటూ మైత్రి వంతెన దాకా వెళ్లాం. కింద సిరిసియా నది నల్లగా, ఫ్యాక్టరీల కంపు కొడుతూ పారుతోంది. వంతెన మీద ఆందోళనకారులు టెంటు వేసుకుని కూర్చున్నారు. మా పక్కనుంచే జనం మామూలుగా అటూ ఇటూ నడిచి పోతున్నారు. పాస్‌పోర్టు అడిగినవాడు లేడు. 1950 ఒప్పందం నాటి నుంచీ రెండు దేశాల మనుషులూ అలాగే తిరుగుతున్నారు, 1,751 కిలోమీటర్ల పొడవునా. సైకిళ్ల మీద క్యాన్లతో పెట్రోలు అటు పోతోంది. పెళ్లికెళ్లే ఆడవాళ్లు రిక్షాలో పోతున్నారు. లారీ మాత్రం పోదు.

మన అధికారిని అడిగితే "మేమెక్కడ ఆపాం, గేటు తెరిచే ఉంది చూడండి" అన్నాడు. నిజంగానే తెరిచే ఉంది. అవతల రోడ్డు భద్రంగా లేదు కాబట్టి పంపడం లేదట. అవతలి వాళ్లు ఇండియాయే ఆపిందన్నారు. ఢిల్లీ ఒక మాట, కాఠ్మండు ఒక మాట. అక్కడ నిలబడి చూసి కూడా నేను తేల్చి చెప్పలేకపోయాను. ఒక్కటి మాత్రం చూశాను. ఒక కౌంటర్ దగ్గర గుమస్తా తాపీగా టీ తాగుతున్నాడు. బయట కాగితాలు పట్టుకుని ముప్పై మంది నిలబడ్డారు. ఆయన్ని ఎవరూ ఆపమనలేదు, ఎవరూ చెయ్యమనలేదు. ఆ రోజు ఆయన ఎన్ని ముద్రలు వేశాడో నేను లెక్కపెట్టాను. నాలుగు. వంటగ్యాస్ సిలిండర్లు సగం నింపి ఇస్తున్నారని బీర్‌గంజ్‌లో చెప్పారు. ఫిబ్రవరి మొదట్లో అది ముగిసేదాకా దాదాపు అయిదు నెలలు పట్టింది.

అది ముగిసిన రెండు వారాలకే ఓలీ ఢిల్లీ వచ్చి విశాఖ రైలుకి ఒప్పుకున్నారు. ఆ తర్వాతి నెలలో బీజింగ్ వెళ్లి చైనాతోనూ ట్రాన్సిట్ ఒప్పందం చేసుకున్నారు. దెబ్బ తిన్నవాడు రెండో తలుపు వెతుక్కుంటాడు కదా. 1989లోనూ వాళ్లకి ఇదే అనుభవం. మార్చి 23న ఒప్పందాల గడువు తీరితే రెండు దారులు తప్ప మిగతావి మూతపడ్డాయి. మరుసటి ఏడాది అక్కడ రాజు కింద, పార్టీలు లేకుండా నడిచిన పంచాయతీ వ్యవస్థ పోయి కొత్త ప్రభుత్వం వచ్చాక గానీ పూర్తిగా తెరుచుకోలేదు. మా సార్ అప్పటికి చదువుకుంటున్నారట, ఆ సంగతి కూడా చెబుతారు. నేపాల్ అనగానే ఆయనకి ఆగిపోయిన లారీయే గుర్తొస్తుంది. నా ఉద్యోగం విశాఖకి మారడానికి కారణం ఆ ఆగిపోయిన లారీలే కాబట్టి నేను వాటిని పూర్తిగా తిట్టలేను. అది వేరే సంగతి.

మంగళవారం రాత్రి తొమ్మిదింటికి భైయా మేడ మీద నుంచి ఫోన్ చేశాడు. ఊళ్లో కర్ఫ్యూ. వెనక ఎవరో అరుస్తున్నారు.

"పంపించండి దీదీ" అన్నాడు.

"ఎవరు క్లియర్ చేస్తారు భైయా?"

"కస్టమ్స్ హాకిమ్‌కి ఉద్యోగం ఓలీ ఇవ్వలేదు. ఇవాళ ఇంట్లో కూర్చున్నాడు, ఎల్లుండి వస్తాడు. రేపు గద్దె ఎక్కేది ఎవరైనా సరే, జీతాలకి డబ్బు కావాలి. నేపాల్ ప్రభుత్వానికి డబ్బెక్కడిది? భన్సార్‌ది."

భన్సార్ అంటే కస్టమ్స్, హాకిమ్ అంటే అధికారి. ఆయన అన్నది నిజం. నేపాల్‌కి వచ్చే పన్నుల్లో పెద్ద భాగం సరిహద్దు దగ్గరే వసూలవుతుంది, సరిహద్దు చెక్‌పోస్టులన్నిట్లోకీ పెద్దది బీర్‌గంజ్. 2015లో వంతెన మీద కూర్చున్నవాళ్ల కోపం రాజ్యాంగం మీద, దాన్ని చూపించింది సరిహద్దు దగ్గర. ఈసారి కోపం వేరు. అవినీతి మీద, నాయకుల పిల్లల విలాసాల మీద. రోడ్డెక్కిన కుర్రాళ్లకి మా డబ్బాలతో పేచీ లేదు. సగం మంది దశైన్‌కి ఆ బూట్లే కొనుక్కుంటారు.

సార్‌కి ఇదంతా చెప్పాను. ఇక్కడ ఉంచితే యార్డు అద్దె, ఆ పైన తర్వాతి రేక్‌లో చోటు దొరుకుతుందో లేదో తెలీదు, అది దొరికినా 22లోపు చేరదు. పంపితే రక్సౌల్‌లో ఇరుక్కోవచ్చు. అక్కడ ఇరుక్కుంటే వెనక్కి తేలేం. ఆయన చాలాసేపు టీవీ చూసి, "సరే, నీ పేరు మీద మెయిల్ పెట్టు" అన్నారు. అంటే ఏమిటో ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పెట్టాను.

బుధవారం రాత్రి రేక్ కదిలింది. మనవి నాలుగు, మిగతావాళ్లవి చాలా.

గురువారం సాయంత్రం నేను ఎయిర్‌పోర్టులో ఉన్నాను. మా పెద్దమ్మ యాత్ర బృందంతో పశుపతినాథ్ వెళ్లి కాఠ్మండు హోటల్లో చిక్కుకుపోయింది. రాష్ట్ర ప్రభుత్వం అక్కడున్న తెలుగువాళ్లకి ప్రత్యేక విమానం పెట్టింది, ఇక్కడ కొందరిని దించి తిరుపతికి పోయింది. పెద్దమ్మ బయటికొచ్చి నన్ను చూడగానే ఏడవలేదు. "హోటల్ కిటికీలోంచి పొగే పొగ. ఆ హోటల్ కుర్రోడు మాత్రం మూడు పూటలా పప్పూ అన్నం తెచ్చి ఎట్టీవోడే. వాడి తమ్ముడు ఊరేగింపులోకి ఎల్లాడట, మరి ఇంటికొచ్చాడో లేదో" అంది. కారెక్కాక, "నువ్వేటి, ఫోన్‌లో ఏటి సూస్తన్నావు?" అని అడిగింది. మ్యాప్‌లో ఎలక్ట్రానిక్ తాళం ఎక్కడుందో చూపించే చుక్క చూస్తున్నాను. అది ఒడిశాలో ఉంది. వాళ్లు అక్కణ్నుంచి పారిపోయి వస్తుంటే నేను అక్కడికి బూట్లు పంపుతున్నానని చెప్పడానికి మనసొప్పలేదు. ఆఫీసు పని అన్నాను.

పన్నెండో తేదీ రాత్రి సుశీలా కార్కీ ప్రమాణం చేశారు. ఇదివరకు ఆ దేశపు ప్రధాన న్యాయమూర్తి ఆవిడ. ఆ రాత్రి నుంచి తాత్కాలిక ప్రధాని. ఎన్నికలు మార్చి 5న అన్నారు. మర్నాడు శనివారం, ఎర్ర గడి. చుక్క బిహార్‌లోకి వచ్చింది. బరౌని, ముజఫర్‌పూర్. లారీలు మళ్లీ మెల్లగా కదులుతున్నాయని, మన వైపు బలగాలు గుర్తింపు కార్డులు చూసి మనుషుల్ని వదులుతున్నాయని భైయా చెప్పాడు. ఆదివారం రాత్రి చుక్క సుగౌలీ దగ్గర ఆగింది. అరగంటకోసారి తెరిచి చూస్తాను, అక్కడే. గమ్మత్తేమిటంటే నేపాల్ సరిహద్దు ఇవాళ ఉన్నట్టు ఉండటానికి మూలం ఆ ఊరే. బ్రిటిష్ కంపెనీతో యుద్ధంలో ఓడిపోయాక 1816లో ఖాయమైన సుగౌలీ సంధితో గూర్ఖాలు మూడోవంతు నేల వదులుకున్నారు. రెండు వందల ఏళ్ల తర్వాత నా బూట్లు అక్కడ సిగ్నల్ కోసం నిలబడ్డాయి. తెల్లారి నాలుగింటికి చూస్తే కదిలాయి.

పదిహేను రాత్రి రక్సౌల్. పదహారు పొద్దున రైలు సరిహద్దు దాటింది. రక్సౌల్ నుంచి సిరిసియా డ్రై పోర్టు అయిదారు కిలోమీటర్లు, అక్కడిదాకా మన రైలే పోతుంది. 2004 నుంచి నడుస్తున్న లైను. గేటు ఎవరూ మూయలేదు. హాకిమ్ వచ్చాడు, భైయా చెప్పినట్టే. నేను సార్ టేబుల్ దగ్గరికెళ్లి స్వీట్ బాక్స్ పెట్టబోతుండగా ఫోన్ వచ్చింది.

"దీదీ, ఒక సీలు కలవడం లేదు."

మూడో డబ్బా సీలు నంబరు చివర 86. మా కాగితంలో 66. నేను టైపు చేసిన కాగితం. ఉప్పు గాలికి తుప్పు మరక పడి అది ఆరులాగా కనిపించింది. నేను అదే కొట్టాను. ఒక దేశంలో పార్లమెంటు కాలిపోయి, ప్రధాని మారి, సైన్యం దిగి, ఇన్ని జరిగినా ఆగని డబ్బా నా ఆరు దగ్గర ఆగింది. దానికోసం మిగతా మూడూ ఆగాయి. నాలుగూ ఒకే డిక్లరేషన్ కింద ఉన్నాయి.

అధికారిని తప్పు పట్టడానికి లేదు. సీలు మారిందంటే మధ్యలో ఎవరో డబ్బా తెరిచారని అర్థం. ఎలక్ట్రానిక్ తాళం చెక్కుచెదరలేదని చూపించినా, "తాళం వేయకముందే తెరిచి ఉంటే?" అంటాడు. నేనైనా అదే అడుగుతాను.

గోడ మీద క్యాలెండర్ చూశాను. పదిహేడు బుధవారం జాతీయ సంతాప దినం, చనిపోయినవాళ్ల కోసం. ఆ రోజు ఆఫీసు ఉండదన్నాడు భైయా. ఆ సెలవు మీద విసుక్కోబోయి నాకే సిగ్గేసింది. పంతొమ్మిది శుక్రవారం రాజ్యాంగ దినోత్సవం. 2015లో ఏ రాజ్యాంగం మీద కోపంతో వంతెన మీద టెంటు పడిందో దాని పండగ, అదీ సెలవే. ఇరవై శనివారం, ఎర్ర గడి. ఇరవై రెండు ఘటస్థాపన. నా చేతిలో ఉన్నది పద్దెనిమిది గురువారం ఒక్కటే. అది దాటితే ఇరవై ఒకటి ఆదివారం.

ఓడ కంపెనీ ఇక్కడి ఆఫీసు నుంచి సవరణ లేఖ కావాలి. వాళ్ల రికార్డులో నంబరు 86 అనే ఉంది, కానీ నేను అడిగాక మీ డబ్బా మీద అసలు ఏముందో రుజువు తెమ్మన్నారు. డబ్బా నేపాల్‌లో ఉంది. నేను వాళ్ల కౌంటర్ ముందు కూర్చున్నాను. నా ముందున్న ఆవిడ తాపీగా టీ తాగుతోంది. నాకు రక్సౌల్ గుమస్తా గుర్తొచ్చాడు. అప్పుడు ఆయన మీద ఎంత కోపమొచ్చిందో, ఆ బుధవారం ఆవిడ మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. ఇక్కడ ఏ ఆందోళనా లేదు, ఏ రాజ్యాంగమూ లేదు.

సాయంత్రం మా యార్డు కుర్రాడికి ఊరికే విషయం చెప్పాను. మల్కాపురం పిల్లాడు, చేరి ఎనిమిది నెలలు. వాడు ఫోన్ తీసి వేలితో గీస్తూ, "సీలు ఫోటో కావాలా మేడమ్? ఓడలోంచి దిగిన్రోజే నాలుగూ తీసీసాను" అన్నాడు.

"ఎవరు తియ్యమన్నారు?"

"ఎవులూ అన్లేదు. ఎందుకైనా మంచిదని."

తారీకు, టైముతో సహా ఉంది. పెద్దది చేస్తే ఎనిమిది పైగుండ్రం మరక కింద స్పష్టంగా కనిపిస్తోంది. గురువారం పది గంటలకి ఆ ఫోటో ప్రింటు తీసుకుని కౌంటర్ దగ్గరికెళ్లాను. పదకొండున్నరకి లేఖ వచ్చింది. మా ఆఫీసు తరఫున తప్పు ఒప్పుకుంటూ ఒక ఉత్తరం నేను రాసి, సార్ సంతకం తీసుకున్నాను. ఆయన చదివి ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధపెట్టింది. భైయాకి పంపేసరికి పన్నెండు దాటింది. వాట్సాప్ నిషేధం పోయి పది రోజులయినా ఆయన అలవాటుగా మేడెక్కే తీసుకున్నాడట.

హాకిమ్ మొదట అసలు కాగితం కావాలన్నాడు. కొరియర్ చేస్తే దశైన్ అయిపోతుంది. చివరికి మూడో డబ్బా పూర్తిగా తెరిచి ఒక్కో పెట్టె లెక్కపెట్టి చూస్తానని, మిగతా మూడూ వదులుతానని అన్నాడు. సాయంత్రం అయిదున్నరకి మూడు బయటికొచ్చాయి. లెక్కపెట్టిన ఆ డబ్బా ఆదివారం వచ్చింది. దాంట్లో పిల్లల బూట్లున్నాయి. లెక్క ఒక్క జత తేడా లేకుండా సరిపోయింది.

విజయదశమి నాడు భైయా ఫోటో పంపాడు. నుదుటి నిండా పెరుగూ బియ్యమూ కలిపిన ఎర్ర టీకా, చెవి వెనక పసుపుపచ్చటి మొలకలు. పక్కన మనవడు, కాళ్లకి కొత్త బూట్లు. మా డబ్బాలోవేనా అని అడగలేదు. నేను బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి ముందు క్యూలో ఉన్నాను. ఆ ఫోటో కింద ఆయన ఇంకో మాట రాశాడు. ఖాళీ డబ్బాలు మూడు వెనక్కి బయల్దేరాయి, మిగిలిన ఒకటి ఆలస్యమైంది, దాని మీద రెండు రోజుల డిటెన్షన్, అంటే డబ్బా ఆలస్యంగా తిరిగిచ్చినందుకు ఓడ కంపెనీ వేసే రుసుము, పడింది, వ్యాపారి కట్టనంటున్నాడు, మీ తప్పు కాబట్టి మీరే కట్టాలంటున్నాడు.

సార్ ఫైలు నా టేబుల్ మీద పెట్టి వెళ్లారు. ఇంకా అక్కడే ఉంది. యార్డు కుర్రాడికి మాత్రం ఆఫీసు డబ్బుతో మంచి కెమెరా ఉన్న ఫోన్ కొనిపించాను. ఆ బిల్లు సార్ ఏమీ అడక్కుండా పాస్ చేశారు.